కొడుకు గోలీలు

ఆ అత్తాకోడళ్ల పేర్లు నేను అడగలేదు. శంషాబాద్‌లో బస్సెక్కి నా పక్కనే కూర్చున్నారు. సంతానం కోసం దవాఖానకు తిరుగుతున్నారట. గగన్‌పహాడ్ దగ్గర అత్త ఒక గోలీ తీసి కోడలి చేతిలో పెట్టింది. అట్ట మీద 'యాంటీఆక్సిడెంట్, పురుషులకు మాత్రమే' అని ఉంది. చదువు రాక పొరబడిందేమో అనుకున్నాను.

"అమ్మా, ఇవి మగవాళ్ల గోలీలు. వీర్యకణాల బలానికి ఇస్తారు" అన్నాను.

"తెలుసు బిడ్డా. డాక్టరమ్మ నా కొడుక్కే రాసింది. మొగోడు గిసువంటివి మింగితే నలుగురు నవ్వరా? కొన్నయి పారేస్తమా? అందుకే దీనికేస్తున్న."

కోడలు నీళ్లు లేకుండానే మింగింది.

"మీ ఆయనకు తెలుసా?" అని ఆ అమ్మాయిని అడిగాను.

"ఎందుకు తెల్వదక్కా? నేను మర్చిపోకుండ రోజూ యాది జేసేదే ఆయన."