అయిదో కంచం

లారెన్సుగారి పండుగకు ముందు రోజు, ఉదయం పదిన్నరకు నా భార్య చనిపోయింది. టైఫాయిడ్. పద్దెనిమిదో రోజు. ఇరవై ఒకటి దాటితే భయం లేదని డాక్టరుగారు చెప్పారు. దాటలేదు.

నేను తాడేపల్లిగూడెం హైస్కూల్లో పనిచేస్తాను. రోజూ ఏలూరు నుంచి పాసింజరులో వెళ్ళివస్తాను. ఆ రోజు వెళ్ళలేదు. తెల్లవారాక జ్వరం కాస్త తగ్గింది. రెండు చెంచాల బార్లీ నీళ్ళు తాగింది. ఏడింటికి ఫాదరుగారు వచ్చి చివరి అభ్యంగనం ఇచ్చి, అంటే నుదుట నూనె రాసి ప్రార్థన చేసి, వెళ్ళారు. నేను మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తొమ్మిదింటికి కళ్ళు తెరిచి మా అమ్మాయిని పిలిచింది.

"రేపు తమ్ముడి పండుగే. మొక్కజొన్న పొత్తులు తెప్పించావా? మరీ లేతవి వద్దని చెప్పు. కాలిస్తే ముడుచుకుపోతాయి" అంది.

అమ్మాయి తల ఊపింది. అదే ఆఖరి మాట. నాతో ఏమీ అనలేదు. నేను చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాను.

ఈ పత్రికలో సాధారణంగా పేరున్నవాళ్ళ గురించి రాస్తారు. ఆమెను మా వీధి దాటితే ఎవరూ ఎరగరు. కొల్లేటి లంకల్లో ఒకదానిలో, చేపలు పట్టుకు బతికేవాళ్ళ ఇంట్లో పుట్టింది. అయిదేళ్ళప్పుడు కలరాలో తల్లీ తండ్రీ పోయారు. ఎవరో పడవలో తెచ్చి ఏలూరులో కన్యస్త్రీల మఠానికి అప్పగించారు. తీసుకొచ్చిన రోజు ఏ పునీతురాలి పండుగో, అంటే ఏ సెయింటు రోజో, ఆ పేరే పెట్టారు. పాత పేరు ఆమెకు గుర్తు లేదు. నేను యుద్ధం రోజుల్లో బి.ఏ. ముగించి ఉద్యోగంలో చేరాక, మఠంవాళ్ళే అడిగి పెళ్ళి జరిపించారు.

పుట్టిల్లు లేని మనిషి. అందుకేనేమో, పునీతులను చుట్టాలను చేసుకుంది. గోడమీద గుడి క్యాలెండరు ఉండేది. ఫలానా వారం అంతోనివారు వస్తున్నారు, ఆ తర్వాత పేతురుగారు అంటూ, ఊరి నుంచి మేనమామ వస్తున్నట్టే పిల్లలకు చెప్పేది. వచ్చే చుట్టానికి ఏది ఇష్టమో అది వండేది. మేం నలుగురం. పండుగనాడు అయిదో కంచం పెట్టేది. అందులో ముందుగా వడ్డించి, పిల్లలిద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి, వీధిలో మొదట వచ్చినవాళ్ళను పిలిచి పెట్టమనేది. ఆయన ఏ రూపంలో వస్తాడో మనకేం తెలుసు అనేది. కంట్రోలు బియ్యం రోజుల్లో కూడా ఆ కంచం ఆగలేదు. దండగని నేను చెప్పేవాణ్ణి. చదువుకున్నవాణ్ణి కదా.

ఒకసారి మొదట వచ్చింది ఒక పోలీసు. అమ్మాయి లోపలికి పరుగెత్తింది.

"అమ్మా, పోలీసుల్లో కూడా పునీతులుంటారా?"

"ఇవాళ ఒక్కరోజుకి ఉన్నారనుకోవే. మజ్జిగ కూడా పట్టుకెళ్ళు."

పేతురుగారి పండుగకు చేపలు తెచ్చేది కొల్లేటి నుంచి వచ్చే ఒకావిడ. వాళ్ళు హిందువులు. కానీ మా క్యాలెండరు ఆవిడకు నా కంటే బాగా తెలుసు. గుమ్మంలో గంప దింపుతూనే, "అమ్మగారండీ, మీ పేతురుగారికి కొర్రమీను తెచ్చానండి. ఆయన కూడా వలేసినోడేనంట కదా. మావోడే. మట్టగిడసలు పెడితే ఊరుకుంటాడేంటండీ?" అనేది. ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్ళు. ఆ నవ్వు నేను సెలవు రోజుల్లోనే విన్నాను.

లారెన్సుగారి గురించి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఆయన్ను ఇనప ఊచల మీద పడుకోబెట్టి కింద నిప్పు పెట్టారట. "ఈ పక్క కాలింది, ఇక తిప్పండి" అన్నాడట ఆయన. మా అబ్బాయికి ఆయన పేరు పెట్టాం. వాడి పండుగకు ఆమె పెరట్లో కుంపటి వెలిగించి మొక్కజొన్న పొత్తులు కాల్చేది. వాడు ఉతికిన చొక్కా తొడుక్కుని ఎదురుగా పీట మీద కూర్చుని, "కాలింది, తిప్పండి!" అని అరవాలి. వాడు చెప్పేదాకా ఆమె తిప్పేది కాదు. పునీతుడితో పరాచికాలేమిటని నేను కోప్పడ్డాను. "ఆయనే మొదలుపెట్టాడు కదండీ" అంది.

ఒక ఏడు అంతోనివారి పండుగకు బండి ఆలస్యమైంది. ఆకలి మీద వచ్చాను. పీట దగ్గర మూతపెట్టిన కంచం కనిపిస్తే కూర్చుని తినేశాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. వాన వల్ల ఆ పూట వీధిలోకి ఎవరూ రాలేదట. అది అయిదో కంచం. అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ.

"పోనీలేవే. మీ నాన్నగారు కూడా ఈ ఇంటికి వచ్చిపోయే ఆయనే కదా" అంది ఆమె.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ మూడు వారాలుగా ఆ మాట నన్ను వదలడం లేదు.

పధ్నాలుగేళ్ళు ఆమె ఆ పునీతులందరికీ అన్నం పెట్టింది. పద్దెనిమిది రోజుల్లో ఒక్కరూ ఈ గుమ్మం తొక్కలేదు. ఇలా రాయకూడదని ఫాదరుగారు అంటారు. పరామర్శకు వచ్చినవాళ్ళు, ధన్యురాలు, పునీతుల మధ్యకు వెళ్ళింది అన్నారు. తలుపు దాకా సాగనంపాను.

మర్నాడు, లారెన్సుగారి పండుగనాడే, సమాధి చేశాం. ఆ పొద్దున ఆమెను ఉంచిన పెట్టె ఇంకా హాల్లోనే ఉంది. ఇంటినిండా జనం. మా అబ్బాయికి ఏడేళ్ళు. వాడే ట్రంకు తీసి పండుగ చొక్కా వెతుక్కుని తొడుక్కున్నాడు. బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. నా దగ్గరికి వచ్చి, "నాన్నగారండీ, ఇవాళ నా పండుగ కదండీ. కుంపటి ఎవరు వెలిగిస్తారండీ?" అన్నాడు.

నేను కొట్టాను. చెంప మీద, అందరి ముందూ.

వాడు ఏడవలేదు. చొక్కా విప్పి, మడతపెట్టి, ట్రంకులో పెట్టేశాడు. వాడు అడిగింది తిండి కాదు. అది నాకు ఆ సాయంత్రం సమాధి మీద మట్టి వేస్తున్నప్పుడు తెలిసింది. అప్పటి నుంచి వాడు అడిగినదానికి జవాబు చెబుతాడు. తనంతట తాను నాతో మాట్లాడడు. అమ్మాయి తెప్పించిన పొత్తులు వంటింట్లో బుట్టలోనే ఎండిపోయాయి. వాటిని ఎవరం తీయలేదు.

రేపు ఆమె పండుగ. పెళ్ళయిన కొత్తలో, నీ పునీతురాలికి ఏం వండుతావని అడిగాను. "నా పండుగకి కంచం వద్దులెండి. ఒక్కసారి పడవెక్కించి ఆ లంకకి తీసుకెళ్ళండి. మా ఇల్లెక్కడో నాకే తెలీదు. ఆ నీళ్ళు చూసొద్దాం" అంది. వానలు తగ్గనీ అన్నాను. వానలు తగ్గితే పరీక్షలు వచ్చేవి. పిల్లలు పుట్టాక వాళ్ళు పెద్దవాళ్ళు కానీ అన్నాను. ఏలూరు నుంచి కొల్లేరు ఎంత దగ్గరో మీకు తెలుసు.

మొన్న ఆదివారం చేపలావిడ వచ్చింది. నెల రోజులుగా తనకూ ఒంట్లో బాగాలేదట. సంగతి తెలియదు. "అమ్మగారండీ!" అని కేకేసింది. నేను బయటికి వచ్చి చెప్పాను. గంప దింపి మెట్టు మీద కూలబడింది. గంప మీద తడిగుడ్డ సర్దుతూ అంది:

"ప్రతేడూ నన్నడిగేదండి, తన పండగ రోజుకి మా ఆయన పడవ ఖాళీ ఉంటదా అని. ఉంటదమ్మా, రండమ్మా అనేదాన్ని. అయ్యగారికి కుదరాలి కదా అనేదండి."

నాకు ఈ సంగతి తెలియదు. నన్ను అడగడం ఆమె ఎప్పుడో మానేసింది. పడవను అడగడం మానలేదు.

"ఈసారి ఉంటుందా?" అన్నాను.

"ఎప్పుడూ ఉండేదండీ" అంది. నా మొహం చూడలేదు.

రేపటికి సెలవు పెట్టాను. పడవ ఎనిమిదింటికి. నలుగురికి సరిపడా పొత్తులు తెచ్చి ఉంచాను. నాలుగోది ఎవరిదో పిల్లలు అడగలేదు. పడవ నడిపేవాడికి ఇస్తాను. రేపు మాకు మొదట ఎదురయ్యే మనిషి అతనే.

అంతకంటే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. పొద్దున్నే లేచి, పండుగ చొక్కా వాడి పక్క మీద పెడతాను. పెరట్లో కుంపటి వెలిగిస్తాను. నాకు వెలిగించడం చేతకాదు. నేర్చుకుంటాను. ఎదురుగా వాడి పీట వేస్తాను. పొత్తు నిప్పుల మీద పెట్టి కూర్చుంటాను. వాడు చెప్పేదాకా తిప్పను. చెప్పకపోతే మాడిపోతుంది. మాడిపోయినా సరే, ఇంకొకటి పెడతాను.