బయటి గాలి మూత

అతను క్లబ్బు పేకాట హాలుకి ఏసీ మెకానిక్కు. అతని భార్య అదే హాల్లో పన్నెండేళ్లు బల్లబల్లకీ తిరిగి టీలు అందించింది. ఎండలు ముదిరితే చల్లదనం చాలడం లేదని ఆటగాళ్లు గోల చేసేవారు. అతను డాబా ఎక్కి, బయటి గాలి లోపలికొచ్చే మూత మూసేవాడు. సిగరెట్ల పొగ నిండిన గాలే తిరిగి తిరిగి హాలు ఇట్టే చల్లబడేది.

"నీ చెయ్యి పడాల్సిందేనయ్యా," అనేవారు. వానలు పడ్డాక తెరుద్దామనుకుని మరిచిపోయేవాడు.

నిన్న డాక్టరు ఆమె ఎక్స్‌రే చూసి, సిగరెట్లు ఎన్నేళ్లుగా కాలుస్తున్నావని అడిగాడు.

"నేనా? పెళ్లవగానే ఈయన చేత కూడా మాన్పించానండీ," అని నవ్వబోయి దగ్గింది. జబ్బు ముదిరిందని, ఇక చేయగలిగింది లేదని డాక్టరు అతనికి విడిగా చెప్పాడు.

ఈ ఉదయం అతను వెళ్లి మూత తెరిచాడు. ఆ మూత సంగతంతా ఆమెకి చెప్పేయాలని గుండె రాయి చేసుకుని ఇంటికొచ్చాడు. అతను నోరు విప్పేలోపే ఆమె అంది:

"నా బదులు వచ్చిన పిల్లకి ఒక మాట చెప్పవయ్యా. కాళ్లు లాగితే ఏసీ గాలి కింద నిలబడమను. నేను అక్కడే సేదదీరేదాన్ని. నువ్వు పక్కనున్నట్టే ఉండేది."

అతను సరేనన్నాడు.