చప్పిడి మూడు రోజులు

మా ఇంట్లో మైలకు చట్టం రాసింది అవ్వ. బయట చేరిన మనిషి నీళ్లకుండ ముట్టకూడదు, ఉప్పు తినకూడదు. ఉప్పు తింటే నెత్తురుపోత ఎక్కువవుతుందట. మూడు రోజులూ చప్పిడి పప్పు, సంగటి. మల్లెచెట్టు దగ్గరికి పోతే చెట్టు ఎండిపోతుంది. చెనక్కాయ చేనులో మాత్రం పొద్దుగూకేదాకా కలుపు తీయవచ్చు. మైల సోకితే మల్లెలు చస్తాయి గానీ చెనక్కాయ చావదని అవ్వ ఎలా కనిపెట్టిందో నేనెప్పుడూ అడగలేదు. కూలీలు దొరకని ఏళ్లవి.

అమ్మ లేని ఇంట్లో ఆ చేను పని అక్కది. నేను అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేదాన్ని. అక్కడ నెలనెలా ఆ మూడు రోజులూ అందరితోపాటు ఊరగాయ వేసుకుని తినేదాన్ని. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారని భయం. సెలవులకు ఇంటికి వస్తే, అవసరమైనప్పుడు బుద్ధిగా చప్పిడి తినేదాన్ని.

రెండు వేల రెండులో వాన మొహం చాటేసింది. నేను సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. ఆ ఎండలో అక్క, బయట చేరిన రెండో రోజు, కలుపు తీస్తోంది. ఒళ్లంతా చెమట. దాహమైనప్పుడల్లా పక్క సాలులోని ఆమె పైనుంచి పోస్తే దోసిలి పట్టి చెంబులకు చెంబులు తాగింది. మధ్యాహ్నానికి పిక్కలు పట్టేశాయి, వాంతులయ్యాయి, తర్వాత నన్ను గుర్తుపట్టలేదు. గాలి సోకిందని అవ్వ వేపమండ తెమ్మంది. నాయన ఆటో తెచ్చాడు.

కదిరిలో డాక్టరమ్మ సూది గుచ్చి సీసా తగిలించింది. అందులో ఏముందని అవ్వ అడిగితే ఉప్పునీళ్లని చెప్పింది. అవ్వ సీసా వంక చాలాసేపు చూసింది.

"నోట్లోకి పోలేదు గదా. నరంలో ఎక్కితే దోషం లేదులే," అంది.

డాక్టరమ్మ నవ్వలేదు. నెలసరికి ముందూ తర్వాతా ఒంట్లో నీరు, లవణాలు కొంచెం అటూఇటూ అవుతాయనీ, ఆ కొంచెమూ ఒళ్లే సర్దుకుంటుందనీ నాకు చెప్పింది. చెమటలో ఉప్పంతా పోతుంటే తిండిలో ఉప్పు ఆపి, వట్టి నీళ్లు పోస్తూ పోతే ఒళ్లు మాత్రం ఏం చేస్తుందంది. అంటే నెలసరి చేసింది కొంచెమే. మిగతాదంతా మా ఇంటివాళ్లం చేశాం.

"నీకూ ఇట్లే పెడతారా?" అని అడిగింది. పక్కనే అవ్వ.

నేను అవునన్నాను. లైబ్రరీలో సగం పుస్తకాలు చదివినదాన్ని, హాస్టల్లో ఉప్పు తింటానన్న ఒక్క మాట దాచుకున్నాను.

ఉప్పు పెట్టమని డాక్టరమ్మ గట్టిగా చెబితే అవ్వ తల ఊపింది. తర్వాతి నెల మళ్లీ చప్పిడే. డాక్టరమ్మ మన ఇండ్లల్లో పిల్ల కాదు గదా, ఆమెకేం తెలుస్తాదని అందట. ఆ సంగతి అక్క నాకు నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను.

మరుసటి ఏడు అక్క అదే చేనులో మళ్లీ పడిపోయింది. ఈసారి మూర్ఛలు వచ్చాయి. ఆటో దొరికి ఆసుపత్రి చేరేసరికి ప్రాణం లేదు.

పరామర్శకు వచ్చిన ఆడవాళ్లందరికీ అవ్వ ఒకటే చెప్పింది. "ఒక్క నెల గూడా తప్పలేదమ్మా నా తల్లి. చప్పిడంటే చప్పిడే తినింది."

వాళ్లు మెచ్చుకున్నారు. అంతకంటే మంచి పిల్ల ఎక్కడుంటుందన్నారు. మూడో రోజున, వాళ్లు వెళ్లాక, నేను నోరు విప్పాను.

"నేను తప్పినానవ్వా. హాస్టల్లో ప్రతి నెలా ఉప్పు తిన్యా."

తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో అని కూడా అనుకున్నాను. అవ్వ కళ్లు తుడుచుకుని నా వైపు చూసింది.

"సదువుకునేదానివి. పరీచ్చలు రాయల్ల గదా. నీకు చెల్లుతాదిలే," అంది.

అంత సులభం. అవ్వ దగ్గర మినహాయింపులకు ఏనాడూ కరువు లేదు. ఒక్కటి అక్క కోసం కదిరిలో అడిగి ఉంటే ఇచ్చి ఉండేదేమో. నేను అడగలేదు.