మాట్లాడని విజేందర్ మాట

మా పక్కింటి విజేందర్ మాట్లాడడు. వాణ్ణి పుట్టిన రోజు నుంచీ చూస్తున్నదాన్ని కనుక చెబుతున్నాను. చిన్నప్పుడు మంచినీళ్లు కావాలన్నా గ్లాసు చూపించేవాడే గానీ నోరు తెరిచి అడిగేవాడు కాదు. బడిలో సారు పేరు పిలిస్తే పలకకుండా చెయ్యెత్తేవాడు. అలాంటివాణ్ణి పట్టుకుని, "ఆటగాడివి ఆట ఆడుకో, అన్నిట్లో నీ అభిప్రాయం ఎవడడిగాడు?" అని ముక్కూమొహం తెలియనివాళ్లు ఫోన్లలో తిడుతుంటే ఒళ్లు మండదా?

మాది చౌటుప్పల్. హైవే దిగి లోపలికొస్తే రెండో వీధి. విజేందర్ నాయన ఇస్రాయేలు కొత్త ప్లాట్లలో కట్టే ఇళ్లకు గోడలు పూస్తాడు. తల్లి జానమ్మ పత్తి ఏరేది. మోకాళ్లు పట్టేశాక ఇంటి పట్టునే ఉంటోంది. చర్చి వెనక ఖాళీ జాగాలో, ప్లాట్ల రాళ్లు పాతకముందు, పిల్లలు కబడ్డీ ఆడేవారు. విజేందర్ ఎప్పుడూ మూలన నిలబడేవాడు. కూతకొచ్చినవాడి మడమ చేతికి దొరికిందంటే ఇక వదిలేవాడు కాదు, ఈడ్చుకుపోయినా సరే. మోచేతులు దోక్కుపోయి వస్తే పసుపు పెట్టేదాన్ని నేనే. అట్లా మండలానికి ఆడాడు, జిల్లాకు ఆడాడు, చివరికి టీవీలో వచ్చే లీగ్ జట్టులో చేరాడు. బనీను మీద ఛాతీకి అడ్డంగా ఒక మందుల కంపెనీ పేరు. మా ఊరి పొలిమేరలో ఉన్న మందుల కంపెనీ కాదులెండి, ఎక్కడో దూరానిది. అయినా కంపెనీలన్నీ ఒకదానికొకటి చుట్టాలే.

చేతిలో నాలుగు డబ్బులు పడగానే వాడు కొత్త ఫోన్ కొనుక్కుని పాతది తల్లికిచ్చాడు. అందరూ చేసే పనే. ఆ పాతదాంట్లో వాడి ఇన్‌స్టా ఖాతా అలాగే తెరిచి ఉందని వాడికీ గుర్తులేదు, ఆమెకూ తెలియదు. జానమ్మకు చదువు రాదు. బొమ్మలు చూసుకుంటుందని ఇచ్చాడంతే.

ఎన్నికల కాలం వచ్చింది. విజేందర్ ఈ పార్టీ నాయకుడి ఫొటోకు గుండె గుర్తు పెట్టాడని ఆ పార్టీవాళ్లు మండిపడ్డారు. పొద్దున తెల్లారేసరికి ఆ పార్టీ ఫొటోకూ పెట్టాడని ఈ పార్టీవాళ్లు లేచారు. వాడి జట్టు ఓడిపోయిన రోజు కెప్టెన్ ఒంటికి గాడిద తల అతికించి ఎవడో బొమ్మ వేస్తే, దానికీ విజేందర్ గుండె! అవన్నీ ఫొటోలు తీసి ఊరంతా పంచారు. ఇవి చాలవన్నట్టు, అంతకుముందే వాడు మా వీధి బోరు నీళ్లు గాజు గ్లాసులో పట్టి ఫొటో పెట్టి ఉన్నాడు. పల్చటి టీ రంగులో ఉంటాయవి, మందుబిళ్లల వాసన కొడతాయి. కింద ఒకటే ముక్క రాశాడు: "మా ఇంటి నీళ్లు. మీరైతే తాగుతరా?"

మందుల కంపెనీలో షిఫ్టు పనికి పోయే రాంచందర్ మా గల్లీలోనే ఉంటాడు. నన్ను ఆపి మరీ అన్నాడు.

"ఆటగాడు ఆట సూస్కోవాలె గని, గీ లొల్లి ఎందుకు యాదక్కా? జర సమజ్ జెయ్యి వానికి."

క్రిస్మస్‌కు సెలవు పెట్టి విజేందర్ ఇంటికొచ్చాడు. వాకిట్లో కాగితం నక్షత్రం కట్టి, కింద కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. ఏం చూస్తున్నావురా అంటే తిట్లు చూపించాడు.

"మరి గవన్ని ఎందుకు నొక్కినవ్‌రా?"

"నేను నొక్కలె పెద్దమ్మా."

అంతే. ఇంకో ముక్క రాలేదు వాడి నోట్లోంచి. విసుగొచ్చి లోపలికి పోయాను. జానమ్మ చేట ఒళ్లో పెట్టుకుని బియ్యం ఏరుతోంది. ఎదురుగా డబ్బాకు ఆనించిన పాత ఫోన్. రెండు రాళ్లు తీస్తుంది, బొటనవేలితో ఫోన్ మీద టకటకా కొడుతుంది, మళ్లీ రాళ్లు. వంగి చూద్దును కదా, వచ్చిన ప్రతి బొమ్మకూ ఎర్రగుండె పడుతోంది. మూలన గుండ్రంగా విజేందర్ మొహం.

"ఏం జేస్తున్నవే జానమ్మా?" అని గట్టిగా అరిచాను.

"వందనాలు జెప్తున్న అక్కా. ఎవలన్న ఎదురొచ్చి వందనాలంటె, తిరిగి అనకుంట మొకం తిప్పుకొని పోతమా? పాపం గింతమంది మొకాలు సూపిస్తున్నరు."

"గాడిదక్కూడనా?"

"గాడిదనా? నాకు అద్దాలు లేక సరిగ అవుపడలె. ఎవలో పొడుగు మొకమాయన అనుకున్న."

విజేందర్ వచ్చి ఫోన్ చేతిలోకి తీసుకుని చూసి, అట్లాగే నేల మీద కూర్చుండిపోయాడు. తల్లిని ఒక్క మాట అనలేదు. నాకు కోపం తెప్పించేది అదే. అరవాల్సిన చోట కూడా అరవడు.

అంతలో జట్టు వ్యవహారాలు చూసే అమరేందర్ సారు ఫోన్ చేశాడు. వాడు జరిగింది మూడు ముక్కల్లో చెప్పాడు. సారు మాటలు గదంతా వినబడుతూనే ఉన్నాయి.

"అమ్మ నొక్కిందా? బతికించావయ్యా! అదే రాసి పెట్టు. ఈ ఖాతాలో ఉన్నవేవీ నా అభిప్రాయాలు కావు, ఆ నీళ్ల ఫొటోతో సహా అన్నీ మా అమ్మ తెలియక చేసినవే అని రాయి."

"నీళ్ల ఫొటో నేను పెట్టిన సార్."

"నాకు తెలుసు. అమ్మ పెట్టిందను, ఎవరొచ్చి అడుగుతారు? డబ్బు పెట్టే కంపెనీవాళ్లు దాన్ని చూశారు విజేందర్. వచ్చే ఏడాది కాంట్రాక్టు వాళ్ల చేతుల్లో ఉంది. నా మాట విను."

ఫోన్ పెట్టేశాక జానమ్మ కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

"నా మీద ఎయ్యి బిడ్డా. నన్నేం జేస్తరు? నన్నేమన్న టీమ్‌లకెల్లి తీసేస్తరా?"

"ఎయ్యిరా," అన్నాను నేను కూడా. "తల్లే ఒప్పుకుంటాంది గద. ఒక్క ముక్కతోని ఒడుస్తది. మీ నాయిన ఇంకెన్నొద్దులు గోడలు పూస్తడు?"

వాడు ఫోన్‌లో ఆ నీళ్ల గ్లాసు ఫొటో తెరిచి మా ముందు పెట్టాడు.

"అమ్మ నొక్కినయి అమ్మయే, పెద్దమ్మా. గిది నాది. నేను ఊకె పెట్టలె, సూసి పెట్టిన."

వాడి జన్మలో అంత పొడుగు మాట నేను వినలేదు. తర్వాత అదే ఫోన్‌లో రాశాడు: 'ఇన్నాళ్లూ మీరు చూసిన గుండెలు మా అమ్మ పెట్టినవి. అందరికీ మర్యాద కొద్దీ పెట్టింది, ఆమెను ఏమీ అనకండి. నీళ్ల ఫొటో మాత్రం నాది.' నాతో చదివించుకుని, తప్పులు లేవన్నాక పంపాడు. ఆపుదామని చెయ్యి చాపాను కూడా. కానీ మడమ దొరికినప్పటి మొహమే అప్పుడూ వాడిది.

మొదటి రోజు అంతా నవ్వులే. జానమ్మకు ఎక్కడెక్కడి నుంచో వందనాలు వచ్చాయి. వీధిలోవాళ్లు వాడి భుజం తట్టారు. రాంచందర్ కూడా తట్టాడు. సెలవు అయిపోయి వాడు వెళ్లాక మా ఇంట్లో టీవీ ముందు అందరం కూర్చున్నాం. ఆడే ఏడుగురిలో విజేందర్ లేడు. ఆ తర్వాతి ఆటలోనూ లేడు. విరామం ఇచ్చినప్పుడు మాత్రం పక్క బెంచీ మీది నుంచి లేచి, ఆడేవాళ్లకు నీళ్ల సీసాలు అందిస్తూ కనబడ్డాడు.

జానమ్మ ముందుకు జరిగి తెర దగ్గరగా చూసింది.

"ఆడ నీళ్లు మంచియే ఉన్నట్టున్నయ్ అక్కా. తెల్లగున్నయ్."

నేను టీవీ సౌండు పెంచాను. కాంట్రాక్టు సంగతి ఇప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. అమరేందర్ సారు ఫోన్ తీయడం లేదట. మా బోరులో అవే నీళ్లు, అదే వాసన.

నిన్న పొద్దున వాకిలి ఊడుస్తుంటే రాంచందర్ వచ్చాడు. చేతిలో గ్లాసు, గ్లాసులో టీ రంగు నీళ్లు.

"సూడు యాదక్కా, మా ఇంట్ల బోర్ల గూడ మొదలైంది. పిల్లలకు ఒళ్లంత దద్దుర్లు. ఫొటో దీసిన, విజేందర్‌కు పంపుత. గిది గూడ పెట్టుమని జర నువ్వు జెప్పు."

"నీకు ఫోన్ లేదా?"

"ఉన్నది."

"మరి నువ్వే పెట్టు."

"నేను పెడితె ఎట్లక్కా? నౌకరి పోదా?"

"వానిది నౌకరి గాదా?"

రాంచందర్ ఒకసారి గ్లాసు వైపు, ఒకసారి నా చేతిలోని చీపురు వైపు చూసి అన్నాడు.

"వాడు ఆటగాడు గదక్కా."