పెనాల్టీ బాక్సులో బోరు

మా ఫుట్‌బాల్ క్లబ్బుకు కూడా ఒక యజమాని ఉండేవాడు. విదేశీ క్లబ్బుల యజమానులు సొంత విమానాల్లో తిరుగుతారట. మా యజమాని రాప్తాడు దగ్గర హైవే పక్కన వేరుశనగ మిల్లు నడుపుతూ జీపులో తిరిగేవాడు. మిల్లు వెనక అతనిదే ఒక బీడు ఉండేది. అందులో ఏమీ పండదని తేలిపోయాక రెండు వైపులా గోల్‌పోస్టులు పాతించి, దానికి స్టేడియం అని పేరు పెట్టి, ఘనంగా ప్రారంభోత్సవం చేయించాడు. ఊరంతా వచ్చింది. గడ్డి మాత్రం ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

ఇది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. నేను డిగ్రీ చదువుతున్నాను, లేదా చదువుతున్నానని మా ఇంట్లో నమ్ముతున్నారు. సాయంత్రమైతే చాలు, అభిమానులందరం మిల్లు ప్రహరీ గోడ మీద చేరేవాళ్లం. ఆట చూసేది కొంచెం, యజమాని ఖర్చు గురించి కొట్లాడుకునేది ఎక్కువ. మమ్మల్ని చెడగొట్టింది కేబుల్ టీవీ. ఎక్కడో ఎవరో ఒక్క ఆటగాణ్ణి కొనడానికి కోట్లు కుమ్మరించాడని అందులో విని, మా యజమానికి బొత్తిగా ఆశయం లేదని తేల్చేశాం. వానల్లేక జనం మూటలు కట్టుకుని బెంగళూరు బస్సులెక్కుతుంటే, గోడ మీద కూర్చుని జట్టులో మంచి ఫార్వర్డు లేడని దిగులుపడిన ఘనత మాది.

గోడ మీద రెండు పార్టీలుండేవి. ఖర్చు పార్టీకి సైకిల్ షాపు భాయ్ నాయకుడు. పొదుపు పార్టీకి రిటైరైన డ్రిల్లు సారు నాయకుడు.

"ఇంత పెద్ద మిల్లు పెట్టుకొని ఒక్క మంచి ప్లేయర్ని తేలేడా? దిల్ ఉండాల సార్, దిల్!" అనేవాడు భాయ్.

"తెచ్చినాడు గదప్పా మొన్న కేరళ నుంచి! ఏమాయ? ఈడ చేపల్లేవు, స్నానానికి నీళ్లు లేవని వారం తిరక్కుండానే పాయ. దుడ్లు ఉండాయని పారబోసుకుంటాడా?" అనేవాడు సారు.

"పారబోస్తానే ఉండాడు సార్. జెర్సీ మీద ఆయప్ప ఫోటో చూసినావా? నంబరు యాడుందో ఎతుక్కోవాల!"

ఆ మాట నిజమే. అతని ఖర్చంతా నలుగురి కంటబడే చోటే జరిగేది. మైకు సెట్టుకు, శాలువాలకు, పూలదండలకు, గోల్‌పోస్టుకన్నా ఎత్తైన స్టేజీకి ఎప్పుడూ లోటు లేదు. బంతిని మాత్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చేదాకా మార్చేవాడు కాదు. కళ్యాణదుర్గంలో మ్యాచ్ ఉంటే జట్టును మిల్లు లారీలో బస్తాల మీద కూర్చోబెట్టి పంపేవాడు. మావాళ్లు అక్కడ దిగి, ముందు బస్తాలు దించి, తర్వాత ఆడేవాళ్లు. ఒళ్లు వేడెక్కడానికి మంచిదని అతనే సెలవిచ్చాడు.

ఇంతమందిలో నిజంగా ఏదైనా కావాలనుకున్నవాడు మా కెప్టెన్ ఒక్కడే. పగలు షేర్ ఆటో నడిపి, సాయంత్రం డిఫెన్సులో ఆడేవాడు. పక్క ఊళ్లో వాళ్ల నాయనకు మెట్ట పొలం ఉంది. అందులో వేసిన బోర్లన్నీ ఎండిపోయాకే ఇతను ఆటో ఎక్కాడు. మా స్టేడియం గులకరాళ్ల నేల. ఒక్కసారి జారి బంతి ఆపితే మోకాలి చర్మం అక్కడే వదిలి లేవాలి. టీవీలో ఎవరైనా గోల్ కొట్టి పచ్చగడ్డి మీద మోకాళ్లతో జారుతూ పోతుంటే మేం గోల్ చూసేవాళ్లం, అతను గడ్డిని చూసేవాడు.

"వయసు అయిపోతాంది నాకు. ఆట ఇడిసేలోపల మన గ్రౌండులో ఒక్క మ్యాచు గడ్డి మీద ఆడాలప్పా. కప్పు రాకపోయినా పర్వాల్యా," అనేవాడు.

మా కోరికలన్నిటిలోకీ చిన్నది అదే. మా జిల్లాలో అంతకన్నా ఖరీదైనది ఇంకొకటి ఉండదు.

ఆ ఒక్క విషయంలో గోడ మీద రెండు పార్టీలూ ఏకమయ్యాయి. అందరం కట్టగట్టుకుని మిల్లు ఆఫీసుకు పోయాం. కెప్టెన్ లోపలికి రాలేక గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"బోరేయించన్నా. గడ్డి పెంచుదాం. చుట్టుపక్కల ఎవనికీ లేదు అట్లాంటి గ్రౌండు," అన్నాడు భాయ్.

యజమాని అప్పుడు తలెత్తాడు. "ఎవనికీ లేదా?"

"ఎవనికీ లేదన్నా."

"అయితే పాయింటు చూసేవాణ్ణి పిల్సండి."

మా వైపు బోరు వేసే ముందు పాయింటు చూడాలి. చూసేవాడు అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని నేలంతా నడుస్తాడు. కింద నీళ్లున్న చోట టెంకాయ దానంతటదే లేచి నిలబడుతుంది. మర్నాడు అతను వచ్చి కార్నర్ నుంచి కార్నర్ దాకా నడిచాడు. టెంకాయ కదల్లేదు. సరిగ్గా పెనాల్టీ బాక్సు నడుమకు రాగానే నిటారుగా నిలబడింది.

సారు లబలబలాడాడు. "పెనాల్టీ కొట్టే చోటప్పా అది!"

"కింద గంగమ్మ ఉండాది సార్. ఆయమ్మకు మీ ఆట యాడ తెలుస్తాది?" అన్నాడు పాయింటు చూసేవాడు.

గీతకు అవతల వేయిద్దామని ఎవరూ అనలేదు. టెంకాయతో వాదించే అలవాటు మాకు లేదు. బోరు లారీ వచ్చింది. ఏ మ్యాచ్‌కూ రానంత జనం వచ్చారు. పొద్దుగూకేదాకా తెల్లటి దుమ్ము లేచింది, దుమ్ము తప్ప ఇంకేమీ లేవలేదు. గుంత మీద బండ కప్పి ఇళ్లకు పోయాం.

ఆ తర్వాత ఉరవకొండ జట్టు మా మీద ఆడటానికి వచ్చింది. వాళ్ల ఫార్వర్డు గోల్ కొట్టబోతూ ఆ బండకు తగిలి బోర్లా పడ్డాడు. పెనాల్టీ ఇవ్వాలని వాళ్లు, బండ మా ఆటగాడు కాదని మేము. బోరు పడిన పెనాల్టీ బాక్సులో ఎట్లా ఆడించాలో రిఫరీకి ఎవరూ నేర్పలేదు పాపం. మా డిఫెన్సులో ఆ బండంత నమ్మకంగా ఆడినవాళ్లు మునుపెవరూ లేరని గోడ మీద అందరం ఒప్పుకున్నాం.

ఒక్క బోరుతో ఆగినవాణ్ణి మా జిల్లాలో నేను చూడలేదు. యజమానీ ఆగలేదు. ఈసారి టెంకాయ నడి మైదానంలో లేచింది. మధ్యాహ్నం దాకా మళ్లీ అదే దుమ్ము. ఖర్చు పార్టీ కూడా ఖర్చు లెక్కలు వేయసాగింది. ఉన్నట్టుండి దుమ్ము తడిసింది, ఎర్రటి బురద చిమ్మింది, ఆ వెనకే నీళ్లు లారీకన్నా ఎత్తుకు లేచాయి. కెప్టెన్ ఖాకీ చొక్కాతోనే పరుగెత్తి ఆ నీళ్ల కింద నిలబడ్డాడు. తర్వాత బురదలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను కూడా గొంతు పోయేలా అరిచాను. ఏ గోల్‌కూ నాకంత ఆనందం కలగలేదు. యజమాని టెంకాయలు కొట్టించి అందరికీ మిఠాయి పంచాడు. ఆ సాయంత్రం గోడ మీద వాదన, ఏ రకం గడ్డి తెప్పించాలని.

కొద్ది రోజులకే మైదానమంతా వరసగా గుంతలు తవ్వారు.

"కింద పైపులేస్తారప్పా. టీవీలో చూడల్యా? వాన నీళ్లు నిలబడకుండా," అని భాయ్ మాకు వివరించాడు. వానే లేని చోట వాన నీళ్లు ఎందుకు నిలబడతాయని ఒక్కరం కూడా అడగలేదు. పైగా యజమాని ముందుచూపును మెచ్చుకున్నాం. ఆ మర్నాడు మిల్లు లారీ వచ్చి బత్తాయి మొక్కలు, మా మాటలో చీనీ మొక్కలు, దించింది.

మళ్లీ ఆఫీసుకు పోయాం. అతను కొంచెం కూడా తడబడలేదు. "క్లబ్బు యాడికీ పోదప్పా. మీకు ఇంకో బీడు చూస్తాం. గోల్‌పోస్టులు కూడా పెరుక్కొని పోండి, నాకెందుకు?" అన్నాడు. మేం అంతగా కోరుకున్న ఆశయం అతనికి వచ్చేసింది.

ఇంటికి పోయి మా నాయనతో చెప్పాను, యజమాని మీద మా తిట్లకు ఆయనవీ నాలుగు తోడవుతాయన్న ఆశతో. ఆయన ఎద్దుకు మేత వేస్తూ, "నీళ్లు పడినంక గూడా బంతి ఆడుకోనిస్తాడని ఎట్లనుకుంటిర్రా?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు గోల్‌పోస్టులు తీసుకుపోవడానికి కెప్టెన్ గడ్డపార పట్టుకుని వచ్చాడు. మేం గోడ మీద ఉన్నాం. పోస్టు మొదట్లో తవ్వుతున్నాడు. చీనీ మొక్కల పాదుల్లోకి నీళ్లు పారుతున్నాయి. భాయ్ ఉండబట్టలేకపోయాడు.

"నువ్వన్నా పోయి అడగప్పా! ఒక్క మ్యాచు ఆడినంక మొక్కలు పెట్టుకోమను. నువ్వు అడిగితే కాదనడు."

కెప్టెన్ గడ్డపార ఆపాడు. కోపం లేదు అతని ముఖంలో.

"ఏమని అడగాల భాయ్? మా నాయన బోర్ల మీద బోర్లేసి ఆఖరికి మంచం పట్టినాడు. దాంట్లో ఒక్కదాంట్లో ఈ నీళ్లు పడింటే, ఆడ నిన్ను ఆటకని కాలు పెట్టనిచ్చింటానా?"

భాయ్‌కి సెంటు పొలం లేదు. అయినా ముందు గోడ దిగింది అతనే. పొలాలున్న మేం అతని వెనకే దిగాం. పోయి, ఒరిగిన పోస్టును అతనితో పాటు తలా ఒక చెయ్యి వేసి ఎత్తాం.