గుమ్మానికి కట్టిన కాక్టస్

మా గుమ్మానికి దిష్టి కోసం కట్టిన ముక్క ఏ చెట్టుదో, ఆ చెట్టు యజమాని ఆ గుమ్మంలోనే నిలబడి గుర్తుపట్టాడండీ. ఆ పూట నా మొహం మీరు చూడాల్సింది!

ఆయన ఘోష్ బాబు, రైల్వే వర్క్‌షాప్ ఆఫీసులో మా బడా బాబు, అంటే హెడ్ క్లర్కు; బెంగాలీ ఆయన. ఒక్క గదిలో ఆరుగురం ఉంటున్నాం, రెండు గదుల క్వార్టర్ ఇప్పించండని నేను పెట్టిన అర్జీ ఆయన బల్ల మీదే నిద్రపోతోంది. అందుకే సెలవు మీద కూతురింటికి వెళ్తూ ఆయన, "నా కాక్టస్‌ని ఎవరు చూస్తారు?" అని నిట్టూర్చగానే, "నేనున్నాను దాదా" అనేశాను.

అది నాకంటే పొడుగు. స్తంభంలా నిటారుగా, ఒళ్లంతా ముళ్లు. ఇందా పేటలోని ఆయన ఇంటి నుంచి గోనెపట్టా చుట్టి, రిక్షాలో కావలించుకుని తెచ్చాను. రిక్షా కదులుతున్నా ఆయన అరుస్తూనే ఉన్నాడు.

"రావ్ బాబు, జల్ ఏక్‌దమ్ నా! చుక్క కూడా వద్దు!"

ఇంట్లో అదే చెప్పాను. అమ్మ ఒప్పుకోలేదు.

"ఏటిరా, ఇంట్లో సెట్టు ఎండిపోతంటే మనం కూకోని అన్నం తింటామేటి? పాపం కాదూ?"

"నీళ్లు పోస్తే చస్తుందమ్మా."

"నీళ్లోస్తే సచ్చే సెట్టు నానెక్కడా సూళ్లేదు!"

అంతటితో అయిపోయిందనుకున్నాను. అమ్మ రోజూ అందరికంటే ముందే లేచి స్నానం చేసి, తులసికి పోసినట్టే దానికీ ఓ చెంబు పోసి దణ్ణం పెడుతోంది. అత్తగారు నా మాట విని మానేసిందనుకుని, చెట్టు ఎండిపోతుందని జాలిపడి మా ఆవిడ సాయంత్రం చాటుగా బియ్యం కడిగిన నీళ్లు పోస్తోంది. ఒకరి సంగతి ఒకరికి తెలీదు. నాకు ఇద్దరిదీ తెలీదు.

ఓ రోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి కాక్టస్ గోడకి జారబడి ఉంది. మొదలు దగ్గర నొక్కితే వేలు లోపలికి దిగింది. పక్కింటి ఫిట్టర్ అప్పలస్వామి రంపం పట్టుకొచ్చాడు.

"కుళ్లింది కోసీస్తే పైది బతికీగలదు బావా."

కోశాడు. ఇంకా కుళ్లుంది. మళ్లీ కోశాడు. చివరికి మోకాలెత్తు కొస మిగిలింది. దాన్ని ఆరబెట్టి పొడిమట్టిలో పాతాం. కోసిన వాటిలో ఓ బాగున్న ముక్కని అమ్మ నిమ్మకాయతో, మిరపకాయలతో కలిపి గుమ్మానికి వేలాడదీసింది. "ఇన్ని ముళ్లున్నదాన్ని పారేత్తారేటి?"

ఆ ఆదివారమే ఘోష్ బాబు సెలవు ముగించుకుని వచ్చాడు. తలెత్తాడు. వేలాడుతున్న ముక్క ముళ్లని పరీక్షగా చూశాడు.

"రావ్ బాబు... ఇది నాదేనా?"

నాకంటే ముందు అమ్మే అంది: "మీ సెట్టు శానా మంచిది బాబూ! కట్టిన కాణ్ణుంచి పిల్లలకి జొరాల్లేవు."

ఆయన లోపలికొచ్చి మోకాలెత్తు కొసని చూశాడు. ట్రంకుపెట్టెలు, చుట్టిన పక్కలు, తడిబట్టల వెనక దాక్కున్న ఒకే ఒక కిటికీ చూశాడు.

"ఎండేది? గాలేది? అరే బాబా, ఈ గదిలో ప్రాణమున్నది ఏదైనా బతుకుతుందా?"

మేం ఆరుగురం వరసగా నిలబడి వింటున్నాం.

మర్నాడే అర్జీ కదిలింది. క్వార్టర్ వచ్చింది, రెండు గదులు! మేం చేరిన రోజున ఘోష్ బాబు స్వయంగా వచ్చి, ఎండ తగిలే గది చూసి, చెడగొట్టిన మీరే బతికించాలంటూ కిటికీ దగ్గర కాక్టస్‌ని పెట్టించాడు. అది కోలుకునేదాకా ఆ గదిలో తడిబట్టలు వద్దు, పిల్లలు వద్దు, ముఖ్యంగా మా అమ్మ వద్దు. ప్రతి ఆదివారం వచ్చి చూస్తాడట. ఆయన్ని కాదనే ధైర్యం నాకెక్కడిది?

మేం ఆరుగురం రెండో గదిలో సర్దుకున్నాం. క్వార్టర్ మాత్రం నా పేరు మీదే ఉంది లెండి.