తడి ఇసుకలో నాలుగు పాదాలు

తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు పోయే ఎలక్ట్రిక్ రైల్లో పక్కన కూర్చున్న అమ్మాయి మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిందట. ఫోన్లో ఫోటో చూపించింది. తడి ఇసుకలో మొగుడూ పెళ్ళాల నాలుగు పాదాలు.

"రెండు దినాలు లీవు దొరికితే బీచికి పోయినాము అక్కా. మీ ఆయన యాడుండాడు?"

ఫోన్ తిరిగి ఆమె చేతిలో పెట్టాను. "కాట్టుపల్లిలో. సముద్రం పక్కనే పని."

"అయితే మీరు వారం వారం పోతారేమో!"

"పోతాము," అన్నాను. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆయనతో ఒక్కసారీ సముద్రానికి పోలేదు.

ఆ ఆదివారం ఆయన ఇంటికొచ్చి బూట్లు విప్పితే గడప దగ్గర సముద్రపు ఇసుక రాలింది. ఎప్పుడూ విసుక్కుంటూ ఊడ్చేదాన్ని. ఆ రోజు చీపురు పక్కన పెట్టి, వట్టి కాళ్ళతో దాని మీద నిలబడ్డాను.

"మీరూ రాండి," అన్నాను.